అడ్డతీగలలో ‘ఏజెన్సీ’

ఏలేశ్వరము దాటి ఉత్తరాభిముఖముగా సాగు బాట క్రమక్రమముగా మెట్టనెక్కి, జీడిమామిడి తోటలు పలుచబడి, మద్దియు టేకును వెదురును దట్టమగుచు, దూరమున నీలముగా కనబడిన కొండలు ఇరుప్రక్కలకును వచ్చి నిలిచిన పిమ్మట, అడ్డతీగలకు పోవు బస్సులోని ప్రయాణికులు “ఏజెన్సీలోకి వచ్చేశాం” అని చెప్పుకొనుట పరిపాటి. ఆ బస్సులోనే ఒకరు గ్యాసు ఏజెన్సీకి ఎన్నిమారులు ఫోను చేసినను బండ రాలేదని విసుగుకొనుచుందురు. క్రొత్తగా బదిలీయైన పంతులుగారొకరు “నన్ను ఏజెన్సీకి వేసేశారండీ” అని ప్రక్కవారితో వాపోవుచుందురు. ఆసుపత్రిలో పనిచేయు పిల్ల యొకతె, తన జీతము సర్కారు నేరుగా నీయదనియు, ఏజెన్సీవారి చేతుల మీదుగా వచ్చుననియు చెప్పుచుండును. మాట ఒక్కటే, అర్థములు మూడు, వినువారిలో ఒక్కరికైనను తికమక కలుగదు. ఇంగ్లీషు బడి మొగమెరుగని ముదుసలి సయితము ఏ ఏజెన్సీ ఎక్కడిదో సందర్భమును బట్టి ఇట్టే తేల్చుకొనును.

ఇంగ్లీషున మిక్కిలి సామాన్యములైన పదములకే అర్థములు మెండు. ‘సెట్’, ‘రన్’ వంటి చిట్టి మాటలకు ఆక్స్‌ఫర్డు నిఘంటుకారులు పుటలకు పుటలు కేటాయింపవలసి వచ్చినది. ‘ఏజెన్సీ’ అంతటి బహురూపి కాదు. అయినను తెలుగు కొండలలో అది సంపాదించుకొన్న యర్థమొకటి ఇంగ్లండులో పుట్టి పెరిగిన పండితునకు సయితము ఎవరైన చెప్పిననేగాని తెలియదు. లండను నగరమున నొకడు ‘ఏజెన్సీకి పోయి వచ్చితి’నన్నచో, ఇల్లు అద్దెకు వెదకుకొనుటకో, ఉద్యోగము నడుగుటకో పోయినాడని తలంతురు. రాజమహేంద్రవరమున అదే మాట అన్నచో, దోమతెర తీసికొనిపోయితివా యని యడుగుదురు.

ఈ పదమునకు మూలము లాటిను భాషలోని ‘ఆగెరే’ యను క్రియ. తోలుట, నడుపుట, చేయుట యని దాని యర్థములు. సంస్కృతమున తోలుట యను నర్థము గల ‘అజ’ ధాతువు దీనికి జ్ఞాతియని భాషాశాస్త్రజ్ఞుల నిర్ణయము. నాటకమున ‘యాక్టు’ చేయువాడును, సభ ‘ఎజెండా’యును ఆ వంశమువే. చేయువాడు ఏజెంటు, చేయుట, చేయగల శక్తి, చేయువాని కార్యస్థానము, ఈ మూడును ఏజెన్సీ. ఇంతవరకు చిక్కులేదు. చిక్కంతయు ఎవరి కొరకు చేయుట యను ప్రశ్నలో నున్నది. తనంత తాను, తన యిచ్ఛచొప్పున చేయువాడును ఏజెంటే. మరియొకని పక్షమున, మరియొకని యాజ్ఞకు లోబడి చేయువాడును ఏజెంటే. స్వతంత్రునకును పరతంత్రునకును ఒకే పేరు పెట్టిన భాష లోకములో మరి యేదైన కలదో లేదో గాని, ఇంగ్లీషువారు ఈ రెండర్థములను శతాబ్దములుగా ఒకే పాత్రలో నుంచుకొని సుఖముగా కాపురము చేయుచున్నారు.

మన న్యాయస్థానములలో చెల్లునది రెండవ యర్థము. 1872వ సంవత్సరపు భారత కాంట్రాక్టుల చట్టము పదవ అధ్యాయము, 182వ సెక్షను మొదలుకొని 238వ సెక్షను వరకు, ఏజెన్సీని గూర్చియే. ఒకని తరఫున పని చేయుటకు గాని, పరులతోడి వ్యవహారములలో వానికి ప్రతినిధిగా నుండుటకు గాని నియుక్తుడైనవాడు ఏజెంటు, నియమించినవాడు ప్రిన్సిపాలు. మనకు ప్రిన్సిపాలనగా కళాశాల పెద్ద, అప్పిచ్చినవానికి అసలు, వకీలుకు మాత్రము ఏజెంటు వెనుకనున్న యజమాని. ఇట్టి సంబంధమునకు తెలుగులో మాటలు లేకపోలేదు. గుమాస్తా, ముక్త్యారు, వకీలు, దుబాసి యను పదములు ఈ పనిలో ఒక్కొక్క పాలును పంచుకొన్నవే. అయినను బీమా కట్టించువాడును, పత్రికలు పంచువాడును, ఎన్నికలనాడు బూతులో పార్టీ తరఫున కూర్చుండువాడును, కోనసీమనుండి గల్ఫునకు జనమును పంపువాడును ఏజెంటులే యైనారు గాని ముక్త్యారులు కాలేదు. ‘గూఢచారి 116’ వచ్చిన 1966 తరువాత మన పిల్లలకు తుపాకి పట్టి, నల్ల కళ్లద్దములు పెట్టుకొనువాడును ఏజెంటైనాడు.

కొండలకన్న ముందుగా ఏజెన్సీ యైనది మన సముద్రతీరము. ఇంగ్లీషు ఈస్టిండియా కంపెనీవారు 1611లో మచిలీపట్టణమున వర్తకస్థానము నేర్పరచుకొని, అచ్చటి పెద్దకు ‘ఏజెంటు’ అని పేరు పెట్టిరి. కంపెనీ లండనులో నుండెను. బట్టలు తెలుగునాట నుండెను. నడుమ ఆరు నెలల యోడ ప్రయాణము. ఆజ్ఞ యడిగి పనిచేయుట యసాధ్యమగుటచే నమ్మకమైన మనిషిని నిలిపి, నీవు చేసినది మేము చేసినట్లే యని వానికి అధికారమిచ్చిరి. 1641లో ఆ యేజెన్సీ మచిలీపట్టణమునుండి మదరాసునకు తరలినది. వర్తకమునకు పుట్టిన యీ పదవియే కాలక్రమమున పరిపాలనకు పనిముట్టైనది. వర్తకపు అర్థము నశింపలేదు. మదరాసున 1788లో థామస్ పారీ స్థాపించిన కంపెనీ వంటి ఏజెన్సీ హౌసులు ఆ మీదట వెలసినవి. ఒక కంపెనీ వేరొక కంపెనీ వ్యవహారమంతయు నడుపు ‘మేనేజింగ్ ఏజెన్సీ’ పద్ధతి మన దేశములో 1970 ఏప్రిల్ 3 వరకు సాగి, ఆనాటితో చట్టప్రకారము రద్దైనది.

ఇక కొండలకు వత్తము. పందొమ్మిదవ శతాబ్ది మూడవ, నాల్గవ దశకములలో గంజాము, విశాఖపట్టణము జిల్లాల జమీందారీలలో ఒకదాని వెంట నొకటిగా కల్లోలములు చెలరేగగా, వానిని అణచుటకు మదరాసు ప్రభుత్వము జార్జి రస్సెలు అను దొరను ప్రత్యేక కమిషనరుగా పంపినది. మైదానమున నడచు కోర్టులును, వకీళ్ళును, దావాలును, జప్తులును కొండలలో శాంతిని నిలుపజాలవనియు, జిల్లా కలెక్టరు చేతికే సివిలు, క్రిమినలు అధికారము లన్నియు నప్పగింపవలెననియు అతని యభిప్రాయము. తత్ఫలితముగా వచ్చినదే 1839వ సంవత్సరపు గంజాము-విశాఖపట్టణముల చట్టము. కలెక్టరు ఆ కొండలలో కలెక్టరుగా గాక, సెయింటు జార్జి కోటలోని గవర్నరునకు ‘ఏజెంటు’గా వ్యవహరించును, సాధారణ న్యాయస్థానముల అధికారము అచ్చట చెల్లదు. ఏజెంటు అధికారము ప్రసరించిన నేల ఏజెన్సీ. పదవి పేరు పుడమికి వచ్చినది. ఆరంభమున ఇది కొండలతో నాగలేదు. విజయనగరము, బొబ్బిలి వంటి మైదాన సంస్థానములు సయితము ఏజెన్సీలోనే యుండెను. 1863 ప్రాంతమున గాని అవి దానినుండి తప్పింపబడలేదు. నేడు విజయనగరపు వీథిలో నిలిచి ‘మీదియు ఒకప్పుడు ఏజెన్సీయే’ అన్నచో ఎందరు నమ్ముదురో చెప్పజాలను. ఖోండు గిరిజనులలో నుండిన నరబలి నాపుటకు 1845లో నెలకొల్పిన ‘మెరియా ఏజెన్సీ’ వేరు. అది 1861లో ముగిసినది.

గోదావరి జిల్లాలోని రంపసీమ ఈ చట్టమునకు వెలుపలనుండెను. అందుచే అచ్చట మైదానపు న్యాయము యథేచ్ఛగా సాగినది. సాగిన తీరు చూడుడు. మైదానమునుండి వచ్చిన వర్తకుడు కొండవానికి ఉప్పో, గుడ్డయో, కొంచెము రొక్కమో యిచ్చి, వానికి తెలియని భాషలో పత్రము వ్రాయించుకొనును. గడువు దాటగనే దూరమున నున్న కోర్టులో దావా వేయును. సమను అనగా నేమో యెరుగని కొండవాడు కోర్టునకు పోడు. పోకున్న ఏకపక్షముగా డిక్రీ యగును. డిక్రీతో బంట్రోతులు వచ్చి పశువులను తోలుకొని పోవుదురు. దీనికి తోడు రంపను ఏలు మన్సబుదారు కల్లుపై విధించిన చిగురుపన్నును, కల్లుగీతను గుత్తకిచ్చిన క్రొత్త అబ్కారీ యేర్పాటును, పోలీసుల వేధింపులును కలిసినవి. తాటికల్లు, జీలుగుకల్లు ఆ కొండలలో మత్తు కొరకు మాత్రమే గాదు. గింజలు నిండుకొన్న నెలలలో కడుపు నింపునదియు నదియే. తన చెట్టునుండి తాను దించుకొన్న కల్లునకు పన్నేమని కొండరెడ్డి యడిగెను. 1879 మార్చిలో రంప పితూరీ రేగినది. ఆ సంవత్సరముననే చంద్రయ్య నాయకత్వమున తిరుగుబాటుదారులు అడ్డతీగల పోలీసు స్టేషనును దగ్ధము చేసిరి. మంటలు గొలుగొండ, రేకపల్లి సీమలకు ప్రాకినవి. చంద్రయ్య 1880 ఫిబ్రవరిలో హతుడైనాడు. పితూరీ అణగిన పిమ్మట మన్సబుదారీ పోయినది. రంపసీమయు ఏజెంటు పాలనక్రిందికి వచ్చినది.

ఏజెన్సీ యను ఏర్పాటులో గల ద్వైధీభావము ఇచ్చటనే బయటపడును. కోర్టులను దూరముంచుట కొండవానికి రక్షణయే. వర్తకుని డిక్రీ యికమీదట అంత సులువు గాదు. కాని ఆ రక్షణ కొండవాడు కోరి తెచ్చుకొన్నది కాదు. కాంట్రాక్టుల చట్టము మాట ప్రకారము ఏజెంటు నియోగించినవానికి బాధ్యుడు. ఈ ఏజెంటును నియోగించినది గవర్నరు. ఎవని భూమిపై, ఎవని అడవిపై, ఎవని తగవుపై తీర్పు చెప్పుచున్నాడో, వానికి ఆ దొరను నియమించుటలో గాని తొలగించుటలో గాని ఏ ప్రమేయమును లేదు. మంచి దొర వచ్చిన మేలు. చెడ్డ దొర వచ్చిన కీడు. 1882వ సంవత్సరపు మదరాసు అడవుల చట్టము పోడును నిషేధింపబూనినపుడు, గూడెము డిప్యూటీ తహసీలుదారు బాస్టియను నర్సీపట్టణమునుండి చింతపల్లికి బాట వేయించుచు కూలి గిట్టనీయనపుడు, ఏజెన్సీ యను ప్రత్యేక రక్షణ కొండవానికి అక్కరకు వచ్చినట్లు కనబడదు.

పిమ్మటి కథ తెలుగువారందరికిని తెలిసినదే. 1922 ఆగస్టులో చింతపల్లి, కృష్ణదేవిపేట, రాజవొమ్మంగి స్టేషనులను కొట్టి తుపాకులను సంగ్రహించిన అల్లూరి సీతారామరాజు, అక్టోబరు 15న అడ్డతీగలకు వచ్చెను. మిరపకాయ టపా ద్వారా ముందే వర్తమానము పంపి మరీ వచ్చెను. అందుచే ఈమారు పోలీసులు ఆయుధములను ముందుగనే దాచివేసిరి. తుపాకి యొక్కటియు దొరకలేదు. రాజు స్టేషను పుస్తకమున తాము వచ్చిన సంగతి వ్రాసి సంతకము చేసెను. ప్రభుత్వపు పుస్తకములో ప్రభుత్వ శత్రువు తన రాకను తానే నమోదు చేసిన ఈ ఘట్టము, యుద్ధకథగా చప్పనిదే యగుగాక, నాకు మాత్రము చింతపల్లి విజయముకన్న ఎక్కువ ప్రీతికరము. 1924 మే 7న రాజు కాల్చివేయబడెను. ఆ యేటనే ‘ఏజెన్సీ రూల్సు’ అను న్యాయవిధానపు నియమములు వెలువడినవి. స్వరాజ్యము వచ్చిన పిమ్మటకూడ కొండలలోని సివిలు వ్యాజ్యములకు ఇవియే ఆధారమగుచు వచ్చినవి.

పేరు మార్చుటకు ప్రభుత్వములు చేసిన ప్రయత్నములు తక్కువ కావు. 1874లో ‘షెడ్యూల్డు జిల్లా’ లన్నారు. 1919 శాసనమున ‘వెనుకబడిన భూభాగము’ లన్నారు. 1935 శాసనమున ‘పాక్షికముగా మినహాయింపబడిన ప్రాంతము’ లన్నారు. రాజ్యాంగము అమలులోనికి వచ్చిన 1950నుండి అయిదవ షెడ్యూలు క్రింద ‘షెడ్యూల్డు ప్రాంతము’ లనుచున్నారు. జనము ఒక్కదానిని గూడ చెవిని పెట్టలేదు. గవర్నరు పోయి, సెయింటు జార్జి కోట తమిళనాడు పాలై, ఏజెంటను మాట దస్త్రములలో మిగిలిన పిమ్మటకూడ ఏజెన్సీ నిలిచినది. ఏజెన్సీ జ్వరము, ఏజెన్సీ బంద్, ఏజెన్సీ అలవెన్సు, ఏజెన్సీ డీఎస్సీ: ఇవన్నియు పత్రికలలో నిత్యము కనబడు మాటలు. దీనికి పోటీగా నిలిచిన తెలుగు పదము ‘మన్యము’ ఒక్కటే. ఆ రెండింటికిని నడుమ జనము తమకు తెలియకయే పని పంచినారు. వీరుడు పుట్టిన చోటు మన్యము. జ్వరము పుట్టిన చోటు ఏజెన్సీ. సీతారామరాజును ‘మన్యం వీరుడు’ అందురే గాని ఏజెన్సీ వీరుడనరు. ఉద్యోగిని ‘ఏజెన్సీకి వేసినా’రందురే గాని మన్యమునకు వేసినారనరు. 2022 ఏప్రిల్ 4న క్రొత్త జిల్లాలు ఏర్పడినపుడు అధికారులును ఈ మర్యాదనే పాటించి, ఒకదానికి పార్వతీపురము మన్యము అనియు, పాడేరు కేంద్రముగా అడ్డతీగలను గూడ కలుపుకొన్నదానికి అల్లూరి సీతారామరాజు జిల్లా యనియు నామకరణము చేసిరి. ఏజెన్సీ పేరుతో జిల్లా లేదు.

ఈ యర్థము మనకొక్కరికే సొంతమని తలపరాదు. బ్రిటిషువారి వాయవ్య సరిహద్దున ఖైబరు, వజీరిస్తాను మొదలైన కొండప్రాంతములు పొలిటికల్ ఏజెంట్ల పాలనలో నుండుటచే ఏజెన్సీలని పేరొందినవి. పాకిస్తాను ప్రభుత్వము వానిని 2018లో గాని ఖైబర్ పఖ్తూన్‌ఖ్వా రాష్ట్రమున విలీనము చేయలేదు. అమెరికాలో తొలి జాతులవారి నిర్బంధ భూములపై పెత్తనము వహించిన ‘ఇండియన్ ఏజెంటు’ కార్యస్థానములును ఏజెన్సీలే. దక్షిణ డకోటాలోని పైన్ రిడ్జి ఏజెన్సీ అట్టిది. పరులు ఏలదలచిన కొండజాతి, అడవిజాతి ఎచ్చట నుండినను ఆంగ్లేయభాష ఆ నేలకు ఇదే పేరు పెట్టుట కేవలము యాదృచ్ఛికము కాదని నా నమ్మకము. ఇప్పటి అమెరికనులకో, ‘ది ఏజెన్సీ’ యనగా 1947లో పుట్టిన వారి గూఢచారి సంస్థ.

పదము తిరుగబడి తెలుగువాని పక్షమున నిలిచిన సందర్భమును ఒకటి కలదు. చెరకుతోటల కూలికై నేటాలునకు ఓడలెక్కిన తెలుగువారి సంతతి అచ్చట వర్ణవివక్షకు గురియగుచుండగా, వారి మంచిచెడ్డలు చూచుటకు భారత ప్రభుత్వము దక్షిణాఫ్రికాలో ఒక ‘ఏజెంటు’ పదవిని సృష్టించినది. 1927లో శ్రీనివాసశాస్త్రిగారు మొదట ఆ పదవి నలంకరింపగా, 1929నుండి 1932 వరకు మన సర్ కూర్మా వెంకటరెడ్డినాయుడుగారు దానిని నిర్వహించిరి. గవర్నరు ఏజెంటు కొండలలో అధికారమున కధిపతి. దక్షిణాఫ్రికాలో మన ఏజెంటునకు అధికారము పూజ్యము, విన్నపము చేయు హక్కు మాత్రము కలదు. అదే నాయుడుగారు 1936లో మదరాసునకు తాత్కాలిక గవర్నరైరి. కొండల ఏజెంట్లు విధేయులుగా నుండవలసిన ఆసనముపై, ఏజెంటు పని చేసి చూచిన తెలుగువాడు కొన్ని నెలలు కూర్చుండెనన్నమాట.

భూమి సంగతి వచ్చువరకు ఈ పదపు చర్చయంతయు వినోదముగా తోచవచ్చును. 1917లో మదరాసు ప్రభుత్వము చేసిన ఏజెన్సీ వడ్డీ, భూబదలాయింపుల చట్టము, ఏజెంటు అనుమతి లేనిదే కొండజాతివాని భూమిని ఇతరులకు మార్పరాదని శాసించినది. 1959లో ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వము ఒకటవ రెగ్యులేషను చేసినది. దానిని 1970 ఫిబ్రవరి 3నుండి అమలునకు వచ్చిన మరియొక రెగ్యులేషను మిక్కిలి పదును పెట్టినది. దీనినే అడ్డతీగల సంతలో సయితము ‘వన్ ఆఫ్ సెవెంటీ’ అందురు. కొండభూమి గిరిజనునినుండి గాని, గిరిజనేతరునినుండి గాని, గిరిజనునకే చేరవలెను. గిరిజనేతరునిచేత నున్న భూమి మొదట గిరిజనునిదే యని చట్టము భావించును. ఊళ్ళలో బినామీలు లేవని నేననను. గిరిజనుని పేర పట్టా, షావుకారు చేత పంట యను నాటకము ఎవరికి తెలియదు? కాని ఆ చట్టము లేనిచో ఆ నాటకము ఆడవలసిన యవసరము గూడ షావుకారునకు లేకుండెడిది.

ఈ రెగ్యులేషనే మరియొక సామాన్య ఆంగ్లపదమును సుప్రీంకోర్టు ముందు నిలిపినది. అరకు దాపున అనంతగిరి, బొర్రా ప్రాంతములలో ప్రభుత్వము గనులను ప్రైవేటు కంపెనీలకు లీజుకిచ్చుటను ‘సమత’ యను సంస్థ ప్రశ్నించినది. చట్టము భూమిని బదలాయించుటను నిషేధించినది ‘పర్సన్’ విషయమున గదా, ప్రభుత్వము పర్సన్ యగునా యని వాదము. మనిషి యని మనము బడిలో నేర్చుకొన్న మాట! 1997 జూలై 11న న్యాయమూర్తులు అధికసంఖ్యతో నిచ్చిన తీర్పులో, ఆ మాటలో రాష్ట్ర ప్రభుత్వమును చేరునని తేల్చిరి. అందుచే ప్రభుత్వభూమియైనను షెడ్యూల్డు ప్రాంతమున గిరిజనేతరులకు లీజుకీయరాదు. ఒక చిన్న పదమునకు గల విశాలార్థము గనుల కంపెనీలను వెనుకకు పంపినది. నిఘంటువులను పనిలేనివారి కాలక్షేపమని యెగతాళి చేయువారికి ఈ తీర్పును చదివి వినిపింపవలెను.

సంతకు వచ్చినపుడు ఏజెన్సీ పదమునకు నాల్గవ, అయిదవ అర్థములును కనబడును. అడ్డతీగల యను పేరు వినగనే అడ్డతీగ తలపునకు వచ్చును. ఇది లతయే గాని లేత లత గాదు. మనిషి తొడయంత మొదలుతో మద్ది మానులను చుట్టి, కొనలవరకు ప్రాకి, అడవి నెత్తిన ఆకుల పందిరి వేయును. ఆకు మధ్య చీలి, జంటరేకలుగా విచ్చి యుండును. స్త్రీలు తెల్లవారకమునుపే పోయి ఆకులు కోసి, తొడిమలు ఒకవైపునకు వచ్చునట్లు పేర్చి, తీగనారతోనే కట్ట కట్టి, నీడన నారబెట్టి సంతకు తెత్తురు. సన్నని వెదురుపుల్లలతో ఆకును ఆకునకు కుట్టి విస్తరి చేసిన దానిలో మైదానపు పెండ్లిభోజనము సాగును. చింతపండు, కొండచీపుళ్ళు, కుంకుడుకాయలు, కరక్కాయలు, తేనె వీనిని కొనుటకు 1956లో స్థాపితమైన గిరిజన సహకార సంస్థ యున్నది, ‘జీసీసీ’ యందురు. ప్రభుత్వపు భాషలో అది కొనుగోలు ‘ఏజెన్సీ’. ఏజెన్సీలో ఏజెన్సీ యన్నమాట. దాని డిపో ముందట కాటా ఒకటి, దారి మలుపున దళారి కాటా ఒకటి. రెండవ దానిలో ధర తక్కువయైనను రొక్కము తక్షణమే చేతబడును. అందుచే కట్ట ఎటు తిరుగునో సరుకు తెచ్చిన తల్లి ఇంటిలోని యవసరము నిర్ణయించును. కూడలిలో ఏదో ఒక దేవుని పేరు ముందు చేర్చుకొని ‘ఏజెన్సీస్’ అని బహువచనముతో బోర్డు కట్టిన ఎరువుల దుకాణము, సిమెంటు దుకాణము ఇంక వేరు.

మైదానమునుండి వచ్చు ఉద్యోగి ఏజెన్సీలో పనిచేయుటను శిక్షగా తలంచుటయు, పాఠశాలలు పంతుళ్ళు లేక పాడుపడుటయు చూచి, షెడ్యూల్డు ప్రాంతములలోని ఉపాధ్యాయ పదవులన్నియు స్థానిక గిరిజనులకే యని ప్రభుత్వము 2000 జనవరి 10న మూడవ నంబరు జీవో నిచ్చినది. నూటికి నూరు రిజర్వేషను రాజ్యాంగసమ్మతము గాదని సుప్రీంకోర్టు 2020 ఏప్రిల్ 22న దానిని కొట్టివేసినది. న్యాయసూత్రము మాట ఎట్లున్నను, పిల్లవాడు ఇంటిలో పలుకు కోయమాట నెరిగిన పంతులు బడిలో నుండుటవలన కలుగు లాభమును చూచినవాడెవడును ఆ తీర్పును సంతోషముతో చదువలేడు.

ఇన్ని యర్థములలో, అన్నింటికన్న ప్రాచీనమైనది ఆలస్యముగా మనదాకా వచ్చినది. తన జీవితమును తాను నడుపుకొను శక్తి, పరిస్థితులు అడ్డుపడినను తన నిర్ణయముచే కార్యము సాధించు గుణము, దీనిని సమాజశాస్త్రజ్ఞులు ఏజెన్సీ యందురు. మనవారు దీనిని ‘కర్తృత్వము’ అని తెనిగించిరి; యుక్తముగనే యున్నది. క్రియలో స్వతంత్రుడైనవాడే కర్తయని పాణిని ఏనాడో నిర్వచించియుండుటచే, ఆంగ్లపదములో కలిసిపోయిన పరతంత్రుని మనము సులువుగా వేరుచేయగలిగితిమి. డేవిడ్ ఆర్నాల్డు అను చరిత్రకారుడు 1982లో వెలువడిన ‘సబాల్టర్న్ స్టడీస్’ తొలి సంపుటమున 1839నుండి 1924 వరకు జరిగిన గూడెము, రంప తిరుగుబాటులను గూర్చి దీర్ఘవ్యాసము వ్రాసెను. అణగారినవారిని తమ చరిత్రకు తామే కర్తలుగా చూడవలెనన్నది ఆ సంపుటముల పట్టుదల. మైదానపు నాయకుడు వచ్చి ఊదిననే కొండ నిప్పంటుకొనునను తలపునకు ఆ దృష్టిలో చోటు లేదు. కొండయూళ్ళ పెద్దలైన ముఠాదారులకును, రైతులకును తమ కష్టములు తమకు తెలియును. కల్లుపన్నును, పోడు నిషేధమును ఎదిరించుటకు సీతారామరాజు పుట్టువరకు వారు వేచియుండలేదు. ఆయన గొప్పతనమునకు దీనివలన లోటు రాదు. గాము గంటముదొర, మల్లుదొరల వంటివారు లేక ఆయన ఒంటరిగా పితూరీ నడుపలేదనుట మాత్రమే.

ఏజెన్సీ కళాశాలలో చదువు విద్యార్థి ‘గిరిజనుల ఏజెన్సీ’ అను శీర్షికను పుస్తకమున చూచి, తన యూరి సరిహద్దులు వ్రాసినచో తప్పు పట్టుట కష్టము. తప్పు పట్టవలసిన యవసరము గూడ నానాటికి తగ్గుచున్నది. 1996లో పార్లమెంటు చేసిన పంచాయతీల విస్తరణ చట్టము షెడ్యూల్డు ప్రాంతములలో గ్రామసభకు పెద్దరికము నిచ్చినది; భూసేకరణకు ముందు సంప్రదింపవలెను, చిన్నతరహా అటవీ ఫలసాయముపై యాజమాన్యము ఊరిదే. 2006వ సంవత్సరపు అటవీహక్కుల చట్టము ఒక యడుగు ముందుకు వేసి, పోడుభూమి ఎవరిదో, ఎంతయో తేల్చు వ్యవహారమును గ్రామసభలోనే ప్రారంభింపవలెనని విధించినది. దరఖాస్తు మొదట ఊరి చెట్టు క్రింద చదువబడి, హద్దులు ఊరివారు నడచి చూచి, తీర్మానము వ్రాసి, చేవ్రాళ్ళు, వ్రేలిముద్రలు వేసిన పిమ్మట డివిజను కమిటీకి పోవును. అచ్చటినుండి, పూర్వము గవర్నరునకు ఏజెంటైన కలెక్టరు అధ్యక్షత వహించు జిల్లా కమిటీకి చిట్టచివర చేరును.